పన్నెండో పేరు

కోరుట్ల ఎమ్మార్వో ఆఫీసు ముందు, సకల జనుల సమ్మె టెంటులో కూర్చున్న దస్తగిర్ చేతిలో నీల ఒక కాగితం పెట్టింది. పోయిన వారం మనం అక్కడే ఆగాం.

ఆ కాగితం, కల్లుగీసే ఆమె భర్త వెంకటి పద్నాలుగు నెలల కింద మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాడని సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్. అడుగున హెల్త్ అసిస్టెంటుగా దస్తగిర్ సంతకం ఉంది. నీలకు ఇప్పుడు మూడో నెల. చిన్నప్పటి జ్వరంతో గుండె కవాటం చెడిపోయిన మనిషి ఆమె. రెండో కాన్పుకే ప్రాణం మీదికి వచ్చింది. మళ్లీ కడుపు వస్తే బతకదని, మత్తిచ్చి ఆమెకు ఆపరేషన్ చేయడం కూడా కుదరదని డాక్టర్లు చెబితే వెంకటి ముందుకొచ్చాడు. వచ్చాడని ఊరంతా అనుకుంది. కడుపు సంగతి తెలిశాక అత్త పోచమ్మ పిల్లలిద్దరినీ తన దగ్గర ఉంచుకుని కోడలిని వెళ్లగొట్టింది. ఎనిమిది రోజులుగా నీల సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే అన్న తిరుపతి దగ్గర ఉంటోంది.

"ఆపరేషన్లు ఒక్కొక్కసారి ఖరాబయితయట గద సారూ. గా మాట రేపు మా కులపోళ్ల ముంగట నువ్వొచ్చి చెప్పు. నువ్వు చెప్తె ఇంటరు," అని అడిగింది నీల.

దస్తగిర్ వస్తానన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ ఆపరేషన్ ఖరాబు కాలేదు. అసలు జరగనే లేదు.

మర్నాడు పొద్దున జగిత్యాలలో ఇంటి నుంచి బయలుదేరబోతుంటే భార్య జబీన్ గుమ్మంలో నిలబడింది. సంగతంతా ఆమెకు అప్పుడే చెప్పాడు. పద్నాలుగు నెలలు కడుపులో దాచుకున్న మాట.

"ఖరాబైందనే చెప్పరాదు," అంది ఆమె ఉర్దూలో. "ఆ పిల్ల ఇల్లు నిలబడుతది. మన ఇల్లు గూడ నిలబడుతది."

"ఆ తొవ్వ నేనే మూసుకున్న జబీన్."

క్యాంపు నాడు దస్తగిర్ పన్నెండు మంది మగవాళ్లను తీసుకురావాలి. ఒక్కరు తగ్గినా పై అధికారి అందరిలో నిలబెట్టి మాటలంటాడు. పదకొండు మందికి అయింది. పన్నెండోవాడు వెంకటి. పేరు రాయించుకుని, వాళ్లిచ్చిన పచ్చబట్ట కట్టుకుని, వరసలో చివర కూర్చున్నాడు. వంతు వచ్చేసరికి లేడు. మర్నాడు దస్తగిర్ ఊరికి వెళ్తే దారిలోనే ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఇంట్లో అయిందని చెప్పానన్నాడు. నీల తన కోసం వేడినీళ్లు కాస్తోందన్నాడు, చెట్టెక్కకుండా నడుముకు కట్టుకునే మోకు దాచిపెట్టిందన్నాడు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. దస్తగిర్ చెప్పలేదు. చెప్పకపోగా రిజిస్టర్లో పన్నెండో పేరు రాసి సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆపరేషన్ అంటే అందరికన్నా ఎక్కువ భయపడేది కల్లుగీసేవాళ్లు. నడుములో బలం పోతుందని, చెట్టు మీద పట్టు తప్పుతుందని వాళ్ల భయం. అలాంటిది ఒక గీత కార్మికుడు చేయించుకున్నాడని విని అధికారులు వెంకటికి శాలువా కప్పారు. బీర్పూర్ దాకా నాలుగు ఊళ్లలో మగవాళ్ల మీటింగులు పెట్టి మాట్లాడించారు. ఏం మాట్లాడాలో దస్తగిరే నేర్పాడు. "మూడు నెలలకు పరీక్ష చేయించుకున్న, సాఫ్ అచ్చింది. ఇప్పుడు గూడ రోజుకు ఇరవై చెట్లెక్కుతున్న. మన ఆడోళ్లే ఎంతకని కోతలు వడాలె?" అని వెంకటి అంటుంటే మగవాళ్లు నవ్వకుండా విన్నారు. అతని సొంత ఊళ్లోనే తొమ్మిది మంది చేయించుకున్నారు. వాళ్లకు మాత్రం నిజంగానే అయింది. పదకొండేళ్ల నౌకరీలో మగవాళ్లు అంతమంది కదలడం దస్తగిర్ చూసింది అదొక్కసారే.

"పరీక్ష సాఫ్ అని వాడు నలుగురిల చెప్పినంక, ఇప్పుడు ఖరాబైందంటె ఎవరు నమ్ముతరు?" అన్నాడు.

జబీన్ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "మరి నిజం చెప్తె నమ్ముతరా, యాసర్ అబ్బా?" అంది.

కొడుకు పేరుతోనే ఆమె అతన్ని పిలుస్తుంది. దస్తగిర్ బండి తీశాడు.

కోరుట్ల దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సులు తిరగక పదిహేను రోజులైంది. జెండాలు కట్టిన ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఉంది. అతని జేబుకున్న జేఏసీ బ్యాడ్జీ చూసి పక్కనుంచి దారిచ్చారు. "జెర తిని పో సారూ," అని ఒకాయన విస్తరి చూపించాడు. తెలంగాణ వస్తే అన్నీ మారతాయని రోజూ టెంటులో అందరితో పాటు దస్తగిర్ కూడా అనేవాడు. ఆ పొద్దున ఆ మాట నోటికి రాలేదు. తొందర పనుందని చెప్పి ఊరి తొవ్వ పట్టాడు.

వెంకటి ఈత చెట్టు మీద ఉన్నాడు. కింద సైకిలుకు కట్టిన కల్లు లొట్ల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. దస్తగిర్‌ను చూసినా తొందరపడలేదు. గీయవలసింది గీసి, లొట్టి కట్టి, మెల్లగా దిగాడు. ముప్పై రెండేళ్ల మనిషి. చెట్లు రాసుకుని రాసుకుని ఛాతీ మీద చర్మం నల్లగా మొద్దుబారింది.

"పది గంటలకు సంఘం కూసుంటది. ఎరికేనా?" అన్నాడు దస్తగిర్.

"ఎరికే."

"తిరుపతి నీలను తోల్కస్తుండు. నిన్న నా దగ్గరికి అచ్చింది. నాలుగడుగులేస్తె దమ్మస్తుంది వెంకటి. పెదవులు నల్లవడ్డయి."

వెంకటి కత్తిని గుడ్డతో తుడుస్తూ చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

"గా కడుపు నీది."

"నాది గాదని నేనెప్పుడన్న?"

"నీదని ఎప్పుడన్నవ్?"

వెంకటి చేతిలో గుడ్డ ఆగింది. దూరంగా రోడ్డు మీద నుంచి మైకులో పాట వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు.

"నెలనెల నీకు నిరోధ్ ప్యాకెట్లు ఇచ్చిన గద," అన్నాడు దస్తగిర్. "వాడుమని చెప్పిన గద."

"ఆపరేషన్ అయినోడు గవెందుకు వెట్టుకుంటడు సారూ? ఆమె అడగదా? ఏమని చెప్పాలె?" వెంకటి గొంతులో కోపం లేదు. "అన్ని గా గుడిసె చూర్ల ఉన్నయి. సూడుపో."

దస్తగిర్ చూడలేదు. ఇన్ని నెలలూ ప్యాకెట్లు ఇస్తున్నాను కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మగవాళ్లకు ఇవన్నీ చెప్పడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తోచలేదంటే ఎవరూ నమ్మరు. తోచనివ్వలేదు, అంతే.

"గా దినం ఎందుకు ఉరికినవ్? నొప్పి ఉండదని నీకు నూరుసార్లు చెప్పిన."

"నొప్పికి గాదు." వెంకటి కత్తి పక్కన పెట్టాడు. "మా నాయిన తాటిచెట్టు మీదికెళ్లి వడ్డప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నడుము ఇరిగి నాలుగేండ్లు మంచంల ఉన్నడు. అవ్వనే ఎత్తి కూసోవెట్టేది, ఎత్తి పండవెట్టేది. గా లైన్ల కూసున్నంక గదే యాదికచ్చింది. బలం పోదని నువ్వు చెప్పినవ్. నేను గూడ నమ్మిన. కాళ్లు నమ్మలే సారూ. లేశి ఉరికినయి."

"భయమైందని గిప్పుడన్న చెప్పు. భయపడుడు తప్పు గాదు. ఆమెను గిట్ల నిలవెట్టుడు తప్పు."

"చెప్తె సమ్మయ్య ఏమంటడు? మల్లేశం ఏమంటడు? తొమ్మిది మంది నా మాట మీద పోయిండ్రు. ఎడ్లకు జేసినట్టు చేసిండ్రని అందరు ఎనుకనుంచి నవ్వుతుంటె నా మొకం జూసి ఓర్సుకున్నరు. నాకే కాలేదంటె నన్ను బతుకనిస్తరా? నాకు అయిందని ఏడ్సి మా అవ్వ రెండు దినాలు అన్నం ముట్టలే. ఆమెకేం చెప్పాలె?"

"నీల చస్తది వెంకటి. ఇంకా ఆలస్యం జేస్తె ఏ డాక్టరు చేసేదేం ఉండదు. సిరిసిల్లల ఓ దవాఖానోళ్లు మొగని సంతకం లేంది చెయ్యి వెట్టమన్నరట. నువ్వు ఒక్క సంతకం…"

"నువ్వు చేయించుకున్నవా సారూ?"

దస్తగిర్‌కు మొదట అర్థం కాలేదు.

"పదకొండేండ్ల సంది ఊరూరు తిరిగి మాకు చెప్తున్నవ్. నీకు ముగ్గురు పిల్లలు. నువ్వు చేయించుకున్నవా, మీ ఇంటామె చేయించుకున్నదా?"

ఏ మీటింగులోనూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మూడో కాన్పు తరువాత జబీన్ మెట్‌పల్లిలో తల్లిగారింటికి వెళ్లి, చుట్టాలెవరికీ తెలియకుండా ఆపరేషన్ చేయించుకుంది. కుట్లు చీము పట్టి నెల రోజులు వంగి నడిచింది. అప్పటికే దస్తగిర్ ఈ నౌకరీలో ఉన్నాడు. నువ్వు చేయించుకోమని ఆమె అనలేదు. నేను చేయించుకుంటానని అతను అనలేదు. దాని గురించి ఇద్దరి మధ్య ఇప్పటిదాకా ఒక్క మాట కూడా జరగలేదు.

"జబీన్ చేయించుకున్నది," అన్నాడు.

వెంకటి నవ్వలేదు. ఎగతాళి చేయలేదు. "గట్లనే అనుకున్న," అని సైకిలు స్టాండు తీశాడు. కల్లు దుకాణం వైపు నడిపించుకుంటూ పోయాడు. దస్తగిర్ పిలవలేదు.

గీత సంఘం రేకుల షెడ్డులో నలభై మంది దాకా ఉన్నారు. పెద్దమనిషి రాజం కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కొడుకు సమ్మయ్య ఆపరేషన్ చేయించుకున్న తొమ్మిది మందిలో ఒకడు. మిగతావాళ్లూ అక్కడే గోడ వారగా ఉన్నారు. పోచమ్మ గడప పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వెంకటి అందరికన్నా ఆలస్యంగా వచ్చి స్తంభం వెనక చేరాడు.

తిరుపతి చెల్లెలిని ఆటోలోంచి దింపి నడిపించుకు వచ్చాడు. పాతిక అడుగుల దూరంలో నీల రెండుసార్లు ఆగింది. ఎవరో బల్ల జరిపితే కూర్చుని, ఊపిరి అందాక ముందు భర్త కోసం వెతికింది. స్తంభం వెనక అతని మోచేయి ఒక్కటే కనిపించింది. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"సారూ, మీరు సర్కారు మనిషి," అన్నాడు రాజం. "కాయితం మీద మీ దస్కతున్నది. అయిందా, కాలేదా, ఖరాబైందా, మీ నోటితోని చెప్పుండ్రి."

నీల దస్తగిర్ వైపు తిరిగి, చెప్పు అన్నట్టుగా తల ఊపింది.

వందల మీటింగుల్లో మాట్లాడిన మనిషి అతను. మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఖరాబు కాలే," అన్నాడు. "అసలు ఆపరేషనే కాలే. గా దినం వెంకటి భయపడి క్యాంపుల నుంచి ఎల్లిపోయిండు. ఒక పేరు తక్కువైందని నేనే రాసిన. సర్టిఫికెట్ నేనే ఇచ్చిన. పరీక్ష సాఫ్ అచ్చిందని మీటింగులల్ల చెప్పింది గూడ నేను నేర్పిన మాటనే. తప్పు నాది, వెంకటిది. నీలది ఏ తప్పు లేదు. గా పిల్ల వెంకటి పిల్లనే."

నీల నోరు కొంచెం తెరుచుకుంది. ఆపరేషన్ ఖరాబైందనే ఆమె అనుకుంది. ఇన్నాళ్లూ తనతో పాటు బీడీలు చేసే ఆడవాళ్లందరికీ, నా మొగడు నా పానం కోసం కోతకు పోయిండని చెప్పుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో దస్తగిర్ చూశాడు.

"నేను నీళ్లు కాగవెట్టిన," అంది మెల్లగా, ఎవరినీ చూడకుండా. "వారం దినాలు కాగవెట్టిన."

సమ్మయ్య లేచాడు. "అంటె మమ్ముల మోసం జేసి పట్టుకపోయిండ్రా సారూ?"

"మీ ఆపరేషన్లు మంచిగైనయి సమ్మయ్యా. మీకు చెప్పినదాంట్ల అబద్ధం లేదు. బలం పోలే, మీరు చెట్లెక్కుతనే ఉన్నరు."

"వాని మాట మీద పోయినం మేం. వానికి లేంది మాకెట్ల చేసిండ్రు? రేపు ఊర్ల మొకమెట్ల ఎత్తాలె? మొత్తం మంది నవ్వరా?"

గోడ వారగా ఉన్నవాళ్లు ఒకరొకరే లేస్తున్నారు. రాజం చెయ్యెత్తి ఆపాడు.

"వెంకటి, నువ్వు ముంగటికి రా. సారు చెప్పింది నిజమేనా?"

వెంకటి స్తంభం వెనక నుంచి వచ్చాడు. సమ్మయ్యను చూశాడు. లేచి నిలబడ్డ ఎనిమిది మందినీ చూశాడు. తల్లిని చూశాడు. నీల వైపు మాత్రం తిరగలేదు.

"నాకు అయ్యింది," అన్నాడు. "సారే అబద్ధం చెప్తుండు."

సమ్మయ్య కూర్చున్నాడు. తక్కిన ఎనిమిది మందీ కూర్చున్నారు. ఆ షెడ్డులో అందరి ఊపిరీ ఒక్కసారి వదులైనట్టు దస్తగిర్‌కు అనిపించింది. వాళ్లకు కావలసింది ఆ మాటే.

"నౌకరీ పోయే అబద్ధం సారు ఎందుకు చెప్తడు?" అన్నాడు రాజం, అడగాలి కనుక అడిగినట్టు.

పోచమ్మ నోటి మీది కొంగు తీసింది. "ఎందుకు చెప్తడో నన్నడుగు. గోళీలని, సూదులని నెలకు రెండుమాట్ల మా ఇంటికచ్చిండు. నా కొడుకు చెట్ల మీద ఉన్నప్పుడచ్చిండు. గిప్పుడు దాని తరఫున మాట్లాడుతుండు. ఇంకేం చెప్పాలె నేను?"

ఆమె కావాలని అబద్ధమాడడం లేదు. కొడుకుకు ఆపరేషన్ అయిందనే ఆమె నమ్మింది. ఆ నమ్మకం కల్పించింది దస్తగిరే. ఆ మాట తప్పని అనేవాళ్లెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. మగవాళ్లందరూ కింద నేల వైపు చూస్తున్నారు. తిరుపతి పళ్లు బిగపట్టి చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క పరీక్ష," అన్నాడు దస్తగిర్. "వెంకటిని జగిత్యాలకు రమ్మనుండ్రి. గంటల తెలుస్తది. నేను అబద్ధమాడితె మీరేం జేసినా సరే."

"నేను రాను," అన్నాడు వెంకటి. "మల్ల దవాఖాన మొకం జూడ."

"ఎందుకు పోవాలె?" అన్నాడు సమ్మయ్య. "పోయినకాడికి సాలు."

రాజం దస్తగిర్‌ను చాలాసేపు చూశాడు. తరువాత తన కొడుకును చూశాడు. "గిది గిప్పుడు తెగేది గాదు," అన్నాడు. "సమ్మె ఒడిశినంక సూద్దాం. అప్పటిదాంక పిల్ల అన్న దగ్గరనే ఉండనియ్యి."

"గప్పటికి టైం దాటిపోతది పెద్దమనిషీ," అన్నాడు దస్తగిర్.

రాజం లేచి కండువా దులుపుకున్నాడు. ఆయన నమ్మాడని దస్తగిర్‌కు అర్థమైంది. నమ్మే ఆ మాట అన్నాడు.

బయటికి నడుస్తూ నీల ఆటో దగ్గర కూలబడింది. తిరుపతి ఎత్తి లోపల పడుకోబెట్టాడు. మళ్లీ సిరిసిల్ల దాకా పోయే స్థితి కాదు. దస్తగిర్ తన బండి ముందు నడుపుతూ ఆటోను జగిత్యాల తీసుకుపోయాడు. కోరుట్ల దగ్గర పొయ్యిల మధ్య నుంచి ట్రాక్టరును జరిపి దారిచ్చింది పొద్దున విస్తరి చూపించిన మనుషులే. "ఏమైంది సారూ?" అని అడిగారు. దస్తగిర్ బండి ఆపకుండా, వెనకే రమ్మని ఆటోకు చెయ్యి ఊపాడు.

డాక్టర్ తబస్సుమ్ నడిపేది పది మంచాల చిన్న ప్రైవేటు దవాఖాన. దస్తగిర్‌కు చాన్నాళ్లుగా తెలుసు. నీలకు ఆక్సిజన్ పెట్టి, స్కానింగ్ చేసి, గంట తరువాత బయటికి వచ్చింది.

"పదకొండు వారాలు, దస్తగిర్ భాయ్," అంది. "హైదరాబాద్‌ల పెద్ద దవాఖానల, గుండె డాక్టర్ పక్కనుండంగ తీసేస్తె ఇప్పుడైతె బతుకుతది. ఇంకో మూడు వారాలు పోతె నేను చెప్పలేను. కాన్పు దాంక మోస్తె గుండె ఆగుతది. అక్కడ మాట్లాడిన. అంబులెన్స్ గూడ పిలిచిన. దాన్ని రోడ్డు మీద ఎవరు ఆపరు."

తిరుపతి చేతులు జోడించాడు. "మొగని సంతకం దొరకది మేడం. వాడు పెట్టడు."

"అక్కర్లేదు. ఆమె చిన్నపిల్లనా? ఆమె ఒక్కతి పెడితె చాలు. చట్టమే గట్లున్నది. సిరిసిల్లల వాళ్లు మిమ్ముల ఊకెనే తిప్పిండ్రు."

ఆ పొద్దటి నుంచి మొదటిసారి దస్తగిర్ వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు. ముగ్గురూ లోపలికి వెళ్లారు. నీల దిండుకు ఆనుకుని కూర్చుంది. ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. తబస్సుమ్ అన్నీ నిదానంగా చెప్పి, కాగితం అట్ట మీద పెట్టి, పెన్ను చేతికి ఇచ్చింది. నీల ఏడో తరగతి దాకా చదివింది. కాగితాన్ని పై నుంచి కింద దాకా వేలు పెట్టుకుని చదివింది.

"మేడం, తీసేసినంక గిది ఎవరి పిల్లనో చెప్పొస్తదా?" అని అడిగింది.

తబస్సుమ్ అబద్ధం చెప్పలేదు. "ఒక పరీక్ష ఉన్నది. దానికి పోలీసులు, కోర్టు కావాలె. మీ ఆయన రక్తం కావాలె. ఇస్తడా?"

"ఇయ్యడు."

నీల పెన్ను పట్టుకునే ఉంది. "తీసేస్తె ఒప్పుకున్నట్టే అయితది," అంది. "తప్పు జేసింది గనుకనే తీపిచ్చుకున్నదంటరు. నా బిడ్డకు ఆరేండ్లు. పిలగానికి మూడేండ్లు. ఇద్దరు గా ఇంట్లనే పెరగాలె. రంకుదాని పిల్లలని అనిపిచ్చుకుంట పెరగాలె."

"చెల్లె, ముంగట నువ్వు బతుకాలె," అన్నాడు దస్తగిర్. "నువ్వుంటె పిల్లలకు ఎన్నడన్న చెప్పుకోవచ్చు."

నీల అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాడు. లేదు.

"నువ్వు చెప్తె ఇంటరనుకున్న సారూ," అంది. "నిజం జెప్పినవ్. ఎవరిన్నరు? రేపు నేను చెప్తె ఇంటరా?"

తిరుపతి గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. చెల్లె కోసం సాంచెలు వదిలి వచ్చిన మనిషి, ఏం మాట్లాడినా ఆమె మీద బలవంతం చేసినట్టవుతుందని నోరు మూసుకున్నాడు.

"నా పెద్దబిడ్డ అచ్చం ఆయన లెక్కనే ఉంటది," అంది నీల. "నుదురు, చెవులు, నడక, అన్ని ఆయనయే. పిలగాడు గూడ గంతే. మా అత్తనే అంటది, నా కొడుకును అచ్చువోసినట్టున్నరని. గిది గూడ గట్లనే పుడతది. గప్పుడు ఎవరు చెప్పకున్న మా అత్త చూస్తది. ఆమె చూస్తె సాలు. ఆమె నా పిల్లలను మంచిగ చూసుకుంటది."

పెన్నును కాగితం మీద అడ్డంగా పెట్టి, అట్టను తబస్సుమ్ వైపు జరిపింది.

"నీకర్థమైతలేదు నీలా," అంది తబస్సుమ్. "కాన్పు దాంక నువ్వుండవు."

"అర్థమైంది మేడం. గందుకే అడుగుతున్న." నీల దుప్పటి పొట్ట మీదికి లాక్కుని ఊపిరి కూడదీసుకుంది. "ఎన్నో నెల దాంక నేను ఓపిక వడితె పిల్ల బతుకుతది? గదొక్కటి చెప్పుండ్రి."

బయట అంబులెన్స్ వచ్చి ఆగింది. డ్రైవరు గుమ్మం దాకా వచ్చి, హైదరాబాద్ పోయే పేషంటు ఎవరని అడిగాడు. నీల ఇంకా తబస్సుమ్ ముఖంలోకే చూస్తోంది.